ఫార్మాట్ కొట్టే ముందు

వార్షికోత్సవ సంచికకు హార్డ్ డిస్క్ మీద వ్యాసం రాస్తాననగానే సంపాదకవర్గంలోని మిత్రులు నవ్వారు. "అందరూ అమ్మ మీద, చదువు మీద, హాస్టల్ సాంబారు మీద రాస్తుంటే నువ్వు వైర్ల మీద రాస్తావా?" అన్నారు. రాస్తానన్నాను. సాంబారు గురించి రాసేవాళ్లు ప్రతి సంవత్సరం ఉంటారు. వైర్ల గురించి ఎవరూ రాయకపోవడం వల్ల మన హాస్టల్‌లో పోగొట్టుకున్నది తక్కువేం కాదు.

మన కంప్యూటర్ గదిలో ఏ సిస్టమ్ మొరాయించినా మనకు తెలిసిన మందు ఒక్కటే, ఫార్మాట్. స్లో అయితే ఫార్మాట్, వైరస్ వస్తే ఫార్మాట్, డిస్క్ కనిపించకపోతే ఫార్మాట్. జ్వరమొచ్చినా కాలు బెణికినా ఒకే సూది పొడిచే ఆర్‌ఎంపీ డాక్టర్ లాగా తయారయ్యాం. ఈ అలవాటు మారాలన్నది నా అభిప్రాయం. డిస్క్ మాట్లాడటం మానేసినప్పుడు ముందు దాని లోపలున్నది బయటికి తీయాలి, బాగుచేయడం తర్వాత. ఇంకో మాట కూడా ఉంది, అది పూర్వ విద్యార్థులైన అన్నలకు. ఈ ఏడు మీరు ఇవ్వాలనుకుంటున్న డబ్బుతో ఇంకో కంప్యూటర్ కొనకండి. ఉన్న కంప్యూటర్లలోని డేటాకు రెండో కాపీ ఉండే ఏర్పాటు చేయండి. ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు. అందుకే కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను ఎం.ఎస్సీ. ఫిజిక్స్ విద్యార్థిని. రెండేళ్లుగా సాయంత్రం పూట టౌన్లో ఒక కంప్యూటర్ రిపేరు షాపులో పని చేస్తున్నాను. కాబట్టి పుస్తకంలో చదివిన దానికంటే స్క్రూడ్రైవర్ పట్టుకుని నేర్చుకున్నదే ఇందులో ఎక్కువ.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. అమ్మకు, నాన్నకు చదువు రాదు. అయినా కాగితం విలువ వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. ఇంట్లో మంచం కింద ట్రంకు పెట్టె ఉంటుంది. అందులో నా పదో తరగతి మార్కుల మెమో, కుల ధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డు, అన్నీ పాలిథిన్ కవర్లో చుట్టి, పైన నాన్న పంచె ముక్క కప్పి ఉంటాయి. వాన కురిస్తే ముందు ఆ పెట్టెనే ఎత్తు మీద పెడతారు. మీలో చాలామంది ఇళ్లలోనూ ఇదే పద్ధతి ఉంటుంది. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన మనం మూడేళ్ల ప్రాజెక్టు పనిని, స్కాన్ చేసిన సర్టిఫికెట్లను, ఫీల్డ్‌వర్క్‌లో తీసిన ఫోటోలను, ఎవరో దానం చేసిన పాత డెస్క్‌టాప్‌లో ఒక్క కాపీగా పడేసి నిశ్చింతగా నిద్రపోతున్నాం. కాగితం పోతే ఎంఆర్వో ఆఫీసు చుట్టూ తిరిగైనా ఇంకోటి తెచ్చుకోవచ్చు. రాసుకున్న థీసిస్‌కు డూప్లికేట్ ఇచ్చే ఆఫీసు ఎక్కడా లేదు.

ముందు ఆ డబ్బా లోపల ఏం జరుగుతుందో చెబుతాను. అది తెలిస్తే సగం భయం పోతుంది. మొట్టమొదటి హార్డ్ డిస్క్ యంత్రాన్ని ఐబీఎం కంపెనీ 1956లో తెచ్చింది. 24 అంగుళాల పళ్లేలు 50 కలిపితే అందులో పట్టింది 50 లక్షల అక్షరాలు. ఈ రోజు ఫోన్‌లో తీసే ఒక్క ఫోటో కూడా కొన్నిసార్లు అందులో పట్టదు. అయితే సూత్రం మాత్రం అప్పటిదే. తిరిగే పళ్లెం, దాని మీద తేలుతూ అయస్కాంత గుర్తులు చదివే హెడ్. మన డెస్క్‌టాప్‌లలోని డిస్కు సాధారణంగా నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. హెడ్‌కు పళ్లేనికి మధ్య ఖాళీని నానోమీటర్లలో కొలుస్తారు. అంత ఖాళీలో దుమ్ము రేణువు బండరాయితో సమానం.

ఆ హెడ్ చదివింది మనకు చేరాలంటే డిస్క్ కింద ఉన్న సర్క్యూట్ బోర్డు, సాటా కేబుల్, మదర్‌బోర్డు మీది కంట్రోలర్, ఆ తర్వాత విండోస్, ఇన్ని చేతులు మారాలి. వీటన్నిటికీ ఎస్‌ఎంపీఎస్ నుంచి కరెంటు సరిగా అందాలి. స్క్రీన్ మీద 'ఐ/ఓ డివైస్ ఎర్రర్' అని వచ్చిందంటే ఈ దారిలో ఎక్కడో మాట తెగిందని మాత్రమే అర్థం. డిస్క్ చచ్చిపోయిందని అర్థం కాదు. మనవాళ్లు పొరపడేది సరిగ్గా ఇక్కడే.

'సైక్లిక్ రిడండెన్సీ చెక్' అనే మాట మీలో చాలామంది చూసే ఉంటారు. పేరు పెద్దది కానీ సంగతి మన మెస్‌లో రోజూ జరిగేదే. స్టోర్ నుంచి సరుకులు వంటింటికి పోయేటప్పుడు చీటీ మీద బియ్యం ఇంత, పప్పు ఇంత, మొత్తం ఇంత అని రాసి పంపుతారు. వంటింట్లో కుక్ మళ్లీ కూడి చూస్తాడు. మొత్తం కలవకపోతే వెనక్కి పంపుతాడు. డేటా కూడా ఇలాగే తన మొత్తాన్ని వెంట తీసుకుని వస్తుంది. లెక్క తప్పితే మళ్లీ పంపమని కంట్రోలర్ అడుగుతుంది. లెక్క ఎక్కడ తప్పిందన్నదే అసలు ప్రశ్న. సరుకు స్టోర్‌లోనే పాడైందా, దారిలో ఒలికిందా? స్టోర్‌లో పాడైతే పళ్లెం దెబ్బతింది. దారిలో ఒలికితే కేబుల్ లేదా కనెక్షన్ చెడింది. రెండింటికీ స్క్రీన్ మీద దాదాపు ఒకే రకం ఎర్రర్ వస్తుంది. మందు మాత్రం వేరు.

ఈ తేడా తెలియక ఏం జరుగుతుందో 2022లో మన హాస్టల్‌లోనే చూశాం. అప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. పీజీ చదువుతున్న ఒక అన్న నాట్ల పాటల మీద ప్రాజెక్టు చేస్తున్నాడు. వాళ్ల అమ్మమ్మ పాడిన పాటలు ఫోన్‌లో రికార్డు చేసి, ఫోన్ నిండిపోయిందని హాస్టల్ సిస్టమ్‌లోకి ఎక్కించి, ఫోన్‌లోవి తీసేశాడు. ప్రాజెక్టు రిపోర్టు కూడా అందులోనే ఉంది. ఒక రోజు సిస్టమ్ మధ్యలో ఆగిపోతూ, డిస్క్ ఒకసారి కనిపిస్తూ ఒకసారి మాయమవుతూ సతాయించింది. దగ్గర్లోని ఒక షాపుకు తీసుకెళ్లారు. అక్కడ ఎవరూ "లోపల డేటా కావాలా?" అని అడగలేదు. ఫార్మాట్ కొట్టి, కొత్తగా విండోస్ ఎక్కించి సాయంత్రానికల్లా ఇచ్చేశారు. పది రోజులకు మళ్లీ అదే ఎర్రర్! ఈసారి ఇంకో షాపుకు తీసుకెళ్తే ఆయన మూత తీసి, డిస్క్‌కు ఉన్న సాటా కేబుల్ వదులైందని చెప్పి కొత్తది వేశాడు. ఆ సిస్టమ్ ఇప్పటికీ కిటికీ పక్కన నడుస్తోంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెతికితే పేర్లు లేని కొన్ని ముక్కలు దొరికాయి. కొన్ని పాటలు సగంలో ఆగిపోతాయి. ఆ పాటలు పాడిన అమ్మమ్మ అప్పటికే లేదు. రిపోర్టు అన్న మళ్లీ రాసుకున్నాడు.

జబ్బు వైరులో ఉంటే మనం మనిషిని పాతిపెట్టాం. దీనికి ఆ షాపు ఒక్కదాన్నే అని ఏం లాభం? ఇచ్చేటప్పుడు "ముందు డేటా" అని చెప్పాలన్న సంగతి మనలోనూ ఎవరికీ తెలియదు.

డిస్క్ మొండికేసినప్పుడు ఏం చేయాలో చెబుతాను. మొదట చేయాల్సింది ఏమీ చేయకపోవడం. 'డిస్క్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి' అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే 'ఇనిషియలైజ్' అని అడిగితే దాన్నీ క్యాన్సిల్ చేయండి. కంప్యూటర్ అడుగుతోంది కదా అని ఒప్పుకోనక్కర్లేదు. అది తనకు అర్థం కాని ప్రతిదాన్నీ ఖాళీ అనుకుంటుంది. ఆ డిస్క్ మీద కొత్తగా ఏదీ సేవ్ చేయవద్దు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయడం మునిగే పడవలోకి ఇంకో నలుగురు ఎక్కడం లాంటిది.

తర్వాత చెవి పెట్టి వినండి. ఒకే లయలో టక్, టక్ మని కొట్టుకుంటున్నా, గీరుతున్న శబ్దం వస్తున్నా వెంటనే ఆపేయండి. ఎక్స్‌టర్నల్ డిస్క్ అయితే మాత్రం ఒక్క పరీక్ష చేయవచ్చు. కరెంటు చాలకపోయినా అది అలాగే టకటకలాడుతుంది. యూఎస్‌బీ 2 పోర్టు ప్రమాణం ప్రకారం ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 అయితే 900. డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఎక్కువ లాగుతుంది. ముందువైపు పోర్టు వదిలి వెనకవైపు, మదర్‌బోర్డుకు నేరుగా ఉన్న పోర్టులో, పొట్టి కేబుల్‌తో ఒకసారి పెట్టి చూడండి. శబ్దం పోకపోతే అక్కడితో ఆపండి.

శబ్దమేమీ లేకపోతే, కరెంటు పూర్తిగా తీసేసి, మూత తెరిచి, డేటా కేబుల్, పవర్ కేబుల్ రెండు చివర్లా తీసి మళ్లీ గట్టిగా పెట్టండి. కుదిరితే వేరే కేబుల్, వేరే పోర్టు. ఒక్కో మార్పూ విడివిడిగా చేయాలి. అన్నీ ఒకేసారి మారిస్తే దేని వల్ల బాగైందో ఎప్పటికీ తెలియదు. మన గదిలో ఎలుకలు, దుమ్ము, ఎవరో ఒకరు సీపీయూను కాలితో నెట్టడం ఇవన్నీ ఉన్నాయి కాబట్టి మొదట అనుమానించాల్సింది కేబుల్‌నే.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే లెక్కలు రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూడవచ్చు. అందులో సీ7 అనే వరుస దారిలో జరిగిన లెక్క తప్పులది. అది పెరుగుతుంటే చాలాసార్లు తప్పు కేబుల్‌ది, కనెక్షన్‌ది. కేబుల్ మార్చినా ఆ సంఖ్య తగ్గదు, ఎందుకంటే అది మొత్తం ఖాతా. ఇవాళ ఎంత ఉందో రాసి పెట్టుకుని, వారం తర్వాత చూడండి. ఆగిపోతే జబ్బు నయమైనట్టే. 05, సీ5, సీ6 వరుసలు మాత్రం పళ్లేనికి సంబంధించినవి. 05 అంటే ఇప్పటికే చెడి, బదులు జాగాకు మార్చిన సెక్టార్లు. సీ5 అంటే చదవలేక పక్కన పెట్టిన అనుమానపు సెక్టార్లు. ఇవి సున్నా దాటి పెరుగుతుంటే ఆ డిస్క్‌ను ఇక నమ్మకండి. ఈ సాఫ్ట్‌వేర్ సంఖ్యలను మామూలుగా 16 ఆధారంతో చూపిస్తుంది, సెట్టింగ్స్‌లో దశాంశానికి మార్చుకోవచ్చు. అలాగే కొన్ని కంపెనీల డిస్కుల్లో 01, 07 వరుసల్లో కోట్ల సంఖ్య కనిపిస్తుంది. అది చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ కూడా చిత్రగుప్తుడి చిట్టా లాంటిదే. అందులో డిస్క్ పేరుతో 7వ నంబరు ఉంటే చెడిన సెక్టార్, 11 ఉంటే కంట్రోలర్ దగ్గర ఎర్రర్, 153 ఉంటే ఒకసారి విఫలమై మళ్లీ ప్రయత్నించిందని.

మన దగ్గరున్న పాత సిస్టమ్‌లకు ప్రత్యేకంగా వచ్చే రోగం ఒకటుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032. అది అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తారీఖు ఎక్కడికో వెనక్కి పోతుంది. ఇది అందరం చూసిందే. తారీఖుతో పాటు బయోస్‌లోని మిగతా సెట్టింగ్స్ కూడా మొదటికి వస్తాయి. అందులో డిస్క్‌తో ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పేది కూడా ఒకటి. విండోస్ ఎక్కించినప్పుడు ఏహెచ్‌సీఐ అని ఉండి, బ్యాటరీ పోయాక ఐడీఈకి మారితే విండోస్ తన డిస్క్‌ను తానే గుర్తుపట్టలేక నీలం తెర చూపిస్తుంది. డిస్క్ నిక్షేపంగా ఉంటుంది, డేటా అక్షరం పోదు. సెట్టింగ్ వెనక్కి మార్చి కొత్త బ్యాటరీ వేస్తే సరిపోతుంది. ఇలాంటి సిస్టమ్‌లను కూడా మనం ఫార్మాట్ కొట్టాం. ఎన్నిసార్లో లెక్క లేదు.

పళ్లెమే దెబ్బతిన్నదని తేలితే మనవాళ్లు వెంటనే చేసేది చెక్‌డిస్క్. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. చెక్‌డిస్క్ ఉద్దేశం డిస్క్ లోపలి పట్టికను సరిచేయడం. మన ఫైలును కాపాడటం దాని పని కాదు. పట్టికలో అతకనిదాన్ని అది తీసిపారేస్తుంది, చెడ్డ సెక్టార్ల కోసం డిస్క్ మొత్తాన్ని గాలిస్తుంది. కొనఊపిరితో ఉన్న డిస్క్‌ను పరుగు పందెంలో దించినట్టు. డేటా బయటికి వచ్చాక ఎన్ని చెక్‌డిస్క్‌లైనా చేసుకోండి, ఎవరూ కాదనరు.

సరైన పద్ధతి ఏమిటంటే, అంతకంటే పెద్ద డిస్క్ ఒకటి తెచ్చి, పాతదాన్ని మొత్తంగా దాని మీదికి ఎత్తుకోవడం. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో సిస్టమ్ ఆన్ చేసి జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడవచ్చు. మామూలు కాపీ చెడ్డచోట తల బాదుకుంటూ ఆగిపోతుంది. ఇది తెలివైనది. సులువుగా వచ్చేదంతా ముందు తీసుకుంటుంది, కష్టమైన చోటును గుర్తు పెట్టుకుని చివర్లో తిరిగి వస్తుంది. ఎంతదాకా వచ్చిందో ఒక ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టక్కర్లేదు. మన ఊరి కరెంటుకు ఇది ఎంత మేలో వేరే చెప్పాలా? ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌కు అన్నది మాత్రం సైజూ సీరియల్ నంబరూ చూసి, పక్కన ఇంకొకరిని నిలబెట్టి చదివించి, అప్పుడే ఎంటర్ నొక్కాలి. తిరగబడితే ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్ మీద పడుతుంది. ఆ తర్వాత వెతుకులాటంతా కాపీ మీదే. టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు అప్పుడు పనికొస్తాయి.

కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని, మూత విప్పి హెడ్‌ను వేలితో జరిపితే తిరుగుతుందని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. ఫ్రిజ్ నుంచి తీయగానే పళ్లెం మీద తేమ పడుతుంది. మూత విప్పితే దుమ్ము పడుతుంది. ఇందాక చెప్పిన నానోమీటర్ల ఖాళీ గుర్తు చేసుకోండి. లోపలి హెడ్ మార్చే పని దుమ్ము లేని ప్రత్యేక గదుల్లో చేస్తారు, దానికి ఖర్చు బాగా అవుతుంది. మామూలు షాపులో "మేమూ చేస్తాం" అంటే ఒక్క ప్రశ్న అడగండి: "డిస్క్ ఇక్కడే తెరుస్తారా?" అవునంటే మీ డిస్క్ మీరు తెచ్చేసుకోండి.

కొత్త లాప్‌టాప్‌లు వాడే తమ్ముళ్లకు కూడా ఒక మాట. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు కాబట్టి చెడదనుకోవద్దు. అది ముందు దగ్గకుండానే పోయే మనిషి లాంటిది, ఉదయం ఉండి సాయంత్రానికి కనిపించకపోవచ్చు. పైగా ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల అందులో డిలీట్ చేసింది తిరిగి రావడం చాలా కష్టం. ఇంకొకటి బిట్‌లాకర్. 2024లో వచ్చిన విండోస్ 11 వెర్షన్ నుంచి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా సెటప్ చేసిన చాలా లాప్‌టాప్‌లలో డిస్క్ మనం అడగకుండానే తాళం పడుతోంది. మదర్‌బోర్డు పోయి డిస్క్‌ను వేరే సిస్టమ్‌కు పెడితే 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. ఆ అంకెలు మీ అకౌంట్‌లో ఉన్నాయో లేదో ఇవాళే చూసి, కాగితం మీద రాసి పెట్టెలో వేయండి.

స్మార్ట్ లెక్కలు బాగున్నాయి కదా, మనకేం భయం అనేవాళ్లకు ఒక అధ్యయనం సంగతి చెప్పాలి. 2007లో గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఒక పత్రం ప్రచురించారు. మొదటి స్కాన్ ఎర్రర్ కనిపించిన డిస్క్, ఆ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం, ఎర్రర్ లేనిదానికంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. అంటే హెచ్చరిక వస్తే నమ్మాల్సిందే. అదే పత్రంలో ఇంకో విషయం కూడా ఉంది. చెడిపోయిన డిస్కుల్లో 56 శాతం నాలుగు ముఖ్యమైన సూచికల్లో ఏ ఒక్కటీ చూపకుండానే పోయాయి. హెచ్చరిక రాకపోతే క్షేమమని నమ్మడానికి లేదు. రిపేరు విద్య ఎంత నేర్చినా చివరికి రెండో కాపీ దగ్గరికే రావాలి.

మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. ఈ లెక్కను ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రో అనే అమెరికా ఫోటోగ్రాఫర్. 'వేరే చోట' అన్న మాటను మనం తేలిగ్గా తీసుకుంటాం. 1998లో పిక్సార్ సంస్థలో 'టాయ్ స్టోరీ 2' సినిమా తయారవుతుండగా ఎవరో ఇచ్చిన ఒక కమాండ్‌తో సినిమా ఫైళ్లు చెరిగిపోవడం మొదలైంది. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే అది కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదు. గాలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని బిడ్డ పుట్టాక ఇంటి నుంచే పని చేసుకోవడానికి ఇంట్లో ఒక కాపీ పెట్టుకుంది. సినిమాను గట్టెక్కించింది ఆ బాలింత ఇంటి కంప్యూటరే. అంత డబ్బున్న కంపెనీకే అలా జరిగింది. బ్యాకప్ ఉండటం వేరు, అది తెరుచుకోవడం వేరు.

"ఇప్పుడంతా గూగుల్ డ్రైవ్‌లోనే కదా, డిస్కులెందుకు?" అని జూనియర్లు అడుగుతున్నారు. వాడండి, మంచిదే. అయితే ఉచితంగా వచ్చేది 15 జీబీ, అందులోనే మెయిళ్లు, ఫోటోలు అన్నీ. సింక్ చేసిన ఫోల్డర్‌లో ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది, 30 రోజుల తర్వాత చెత్తబుట్టలోంచి కూడా పోతుంది. రెండేళ్లు తెరవని అకౌంట్లను తీసివేయవచ్చని గూగుల్ 2023లోనే నియమం పెట్టింది. కాలేజీ ఇచ్చిన మెయిల్ అకౌంట్‌లో దాచుకుంటే చదువు అయిపోయాక దాన్ని మూసేస్తే ఏం చేస్తారు? 2015లో వచ్చిన డిజీలాకర్ కూడా మేలే. అందులోకి బోర్డు లేదా యూనివర్సిటీ నేరుగా జారీ చేసిన సర్టిఫికెట్‌కు చట్టం ప్రకారం ఒరిజినల్‌తో సమానమైన విలువ ఉంది. మనం స్కాన్ చేసి ఎక్కించుకున్నదానికి ఆ విలువ లేదు, అది మామూలు జిరాక్సే.

ఇక అన్నలకు నా విన్నపం. కొత్త కంప్యూటర్ ఇస్తే దాని మీద పేరు రాసి, రిబ్బన్ కత్తిరించి, ఫోటో తీసుకోవచ్చు. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులిస్తే అంత సంబరం ఉండదు, ఒప్పుకుంటాను. సిస్టమ్‌లు తక్కువున్నాయి, తమ్ముళ్లు వంతుల కోసం కొట్టుకుంటున్నారు, ముందు అది చూడొద్దా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ వంతు కోసం రాత్రి 11 దాకా కాచుకుని చేసిన పని పోతే ఎలా ఉంటుందో వంతు దొరకనివాడి కంటే వాడికే ఎక్కువ తెలుసు. ఒక్క కొత్త సిస్టమ్ ఖర్చులో రెండు డిస్కులు, ఉన్న అన్ని సిస్టమ్‌లకు కొత్త సాటా కేబుళ్లు, బ్యాటరీలు వస్తాయి. ఇంకా మిగిలితే యూపీఎస్‌కు బ్యాటరీ వేయించవచ్చు. మూలన పడి ఉన్న రెండు సిస్టమ్‌లు వీటితోనే లేస్తాయని నా నమ్మకం. అప్పుడు వంతుల గొడవ కూడా కొంత తగ్గుతుంది.

మీ స్వార్థం కూడా ఇందులో ఉంది. పాత వార్షికోత్సవ సంచికల ఫైళ్లు, మీ బ్యాచ్‌ల ఫోటోలు వార్డెన్ గారి గదిలోని పాత డెస్క్‌టాప్‌లో ఒక్క కాపీగా ఉన్నాయి. సంచికలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో చేసినవి. డిస్క్ బతికినా ఆ ఫాంట్లు లేకపోతే తెరిచినప్పుడు తెలుగుకు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. కాబట్టి వాటిని తెరవగల డీటీపీ సెంటర్లు ఉండగానే అన్నిటినీ పీడీఎఫ్ చేయించాలి. మీలో ఎవరి దగ్గరైనా పాత సీడీలు ఉంటే ఈసారి వచ్చేటప్పుడు తీసుకురండి.

డిస్కులు రెండూ ఒకే బీరువాలో పెడితే దొంగకు సుఖం, మనకు దుఃఖం. ఒకటి వార్డెన్ గారి బీరువాలో, ఇంకొకటి టౌన్లోనే ఉంటున్న పూర్వ విద్యార్థి ఒకరి ఇంట్లో ఉండాలి. నెలకొకసారి అవి చోటు మారాలి. వాటిలో మన ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్కుల స్కాన్లు ఉంటాయి కాబట్టి పాస్‌వర్డ్ తప్పనిసరి. పాస్‌వర్డ్ సీల్ చేసిన కవర్లో వార్డెన్ గారి దగ్గర ఉంటుంది.

ఇవన్నీ ఎవరు చేస్తారని అడుగుతారని తెలుసు. ఆదివారం సాయంత్రం టిఫిన్ అయ్యాక గంటసేపు నేను కూర్చుంటాను. నేను వెళ్లిపోయేలోగా ప్రతి ఫ్లోర్ నుంచి ఇద్దరికి నేర్పుతాను. రిజిస్టర్ కొని గీతలు గీసి ఉంచాను. పేరు, రూమ్ నంబరు, కాపీ చేసిన తేదీ, ఎంత జీబీ అన్న కాలమ్‌లున్నాయి. చివరి కాలమ్ "తెరిచి చూశారా?" అని. అక్కడ కాపీ చేసినవాడు కాకుండా ఇంకొకడు ఒక ఫైలు తెరిచి చూసి సంతకం పెట్టాలి. వార్షికోత్సవం రోజు ఆ రిజిస్టర్ కంప్యూటర్ గది తలుపు పక్క బల్ల మీద ఉంటుంది.